మందుతో పాటు పాఠమూ పంపండి: ఒడిశా ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు,
గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ముఖ్య వైద్య, ప్రజారోగ్య అధికారులకు,

నమస్కారం.

ఈ విన్నపాన్ని తెలుగులో రాస్తున్నాను. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పౌరులు తమ మొర అధికారులకు వినిపించుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో హామీ ఇచ్చింది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లోనూ, వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ 1936లో ఒడిశా ఏర్పడక ముందు నుంచీ తెలుగు మాట్లాడుతున్న కుటుంబాలు ఉన్నాయి. బయట ఒడియా, ఇంట్లో తెలుగు మాకు అలవాటే. అందులో మాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ జబ్బు చేసినప్పుడు చెప్పే మాట మాత్రం ఇంటి భాషలో చెబితేనే వంటింటి దాకా వెళుతుంది. నేను అడగబోయేది షుగర్ వ్యాధి ఉన్నవాళ్ళకు దానితో ఎలా బతకాలో నేర్పే చదువు గురించి. ఆ చదువును వీడియో ద్వారా, తెలుగులో, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుగా మా ఊళ్ళకు అందించమని కోరుతున్నాను.

ముందు జరిగిన మేలు చెప్పాలి. 2015లో మొదలైన నిరామయ పథకం వల్ల ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు చేసే కార్యక్రమం నడుస్తోంది. ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవని వచ్చాక, ఊరి ఆరోగ్య కేంద్రమైన ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో కూర్చున్న రోగి ఎక్కడో ఉన్న డాక్టరును తెర మీద చూసి మాట్లాడగలుగుతున్నాడు. గుమ్మా, మోహన, నువాగడ వంటి కొండ బ్లాకుల నుంచి పట్టణానికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అలాంటి మనిషికి ఇది ఎంత ఊరటో మాకు తెలుసు. ఈ ఏర్పాటు చేసినవారికి కృతజ్ఞతలు.

అయితే ఆ తెర మీదుగా వస్తున్నది మందు చీటీ ఒక్కటే. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 25న విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరం నుంచి డాక్టరు చేయగలిగిన పనులు మూడని చెప్పాయి: ఆరోగ్య విద్య, రోగానికి తగిన సలహా, మందులు రాయడం. ఆ వరుసలో విద్య మొదట ఉంది. మా దాకా వచ్చేసరికి చివరిది మాత్రమే మిగిలింది.

ఇది షుగర్ విషయంలో చాలా పెద్ద లోటు. మలేరియా వస్తే మాత్రలు చెప్పినన్ని రోజులు మింగితే పని అయిపోతుంది. షుగర్ అలా కాదు. డాక్టరు ముందు కూర్చునే కాలం ఏడాది మొత్తం కలిపినా ఎంతో ఉండదు. తక్కిన రోజులన్నీ ఎంత తినాలి, ఎప్పుడు తినాలి, జ్వరం వస్తే ఏం చేయాలి, పెళ్ళి భోజనంలో ఏది వదలాలి అని తేల్చుకోవలసింది రోగి, లేదా ఆ ఇంట్లో వండే ఇల్లాలు. వైద్యంలో ఎక్కువ భాగాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టి, దాన్ని ఎలా చేయాలో నేర్పకపోవడం అన్యాయం.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆమె ఏళ్ళుగా షుగర్‌ను దించే గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతోంది. రోజూ తప్పకుండా వేసుకోవాలని డాక్టరు చెప్పాడు కాబట్టి కార్తీక సోమవారం ఉపవాసం నాడు కూడా వేసుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు పక్షవాతం వచ్చిందనుకున్నారు. ఎవరో పంచదార నీళ్ళు ఇమ్మంటే, షుగర్ ఉన్న మనిషికి పంచదార పెడితే ప్రాణం మీదికి వస్తుందని ఇంకొకరు అడ్డుపడ్డారు. అదే వీధిలో ఉన్న నర్సమ్మ పరుగున వచ్చి, పెద్దమ్మ ఇంకా మింగగలుగుతోందని చూసుకుని, పంచదార నీళ్ళు తాగించింది. కాసేపటికి తేరుకుంది. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఉపవాసం చేయాలనుకుంటే ఆ మాత్ర సంగతి ముందే డాక్టరును అడగాలి. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. మందులు ఇచ్చిన చోట ఏ ఒక్కరూ ఆ పది నిమిషాలు ఆమెకు కేటాయించలేదు. ఏ ఒక్క డాక్టరునో నేను తప్పు పట్టడం లేదు. బయట బారులు తీరిన జనాన్ని పెట్టుకుని పాఠం చెప్పే వీలు ఆయనకు ఎక్కడిది? పాఠం చెప్పడం వేరొకరి పని కావాలి, దానికి వేరే సమయం ఉండాలి అంటున్నాను.

ఇన్సులిన్ దగ్గరికి వస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నుల్లో వాడేవి, కొన్ని సీసాలు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు: ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ రంగు మూత ఉన్నది 100కి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే వెళ్ళేది 50 యూనిట్లు. మొదటి తప్పు వల్ల షుగర్ దిగదు, రెండో తప్పు ప్రాణం తీయగలదు. మందుల దుకాణంలో ఏ సిరంజి ఉంటే అది ఇచ్చే పల్లెల్లో ఈ తేడా ఎవరు చెబుతారు? తెల్లగా మసకగా ఉండే ఇన్సులిన్ సీసాను కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డకట్టి మందు సరిగ్గా ఒంటికి పట్టదు, అందుకే చోటు మార్చాలి. వాడుతున్న సీసాను నాలుగు వారాలకు మించి ఉంచకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో వేసవిలో తడి మట్టికుండ ఆసరా చేసుకోవచ్చు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించారంటే ఆ మందు ఇక పనికిరాదు. ఇవేవీ కాగితం మీద చదివి వచ్చే పనులు కావు. ఒకరు చేసి చూపించాలి, నేర్చుకునేవాళ్ళు తిరిగి చేసి చూపించాలి, తప్పు ఉంటే అక్కడికక్కడే దిద్దాలి. ఫోనులో మాటలతో కుదరనిది, వీడియోతో కుదిరేది సరిగ్గా ఇదే.

ఇంకో మాట ధైర్యంగా చెప్పాలి. మా వాళ్ళు షుగర్ గురించి వీడియోల ద్వారా ఇప్పటికే నేర్చుకుంటున్నారు. అయితే ఆ గురువులు మీరు కారు. కొన్ని వారాల్లో షుగర్ మాయం చేస్తామనేవాళ్ళు, ఇన్సులిన్ మొదలుపెడితే మనిషి అయిపోయినట్టేనని భయపెట్టేవాళ్ళు, నేరేడు గింజల పొడి తాగి మాత్రలన్నీ పారేయమనేవాళ్ళు తెలుగులో కుప్పలు తెప్పలుగా ఉన్నారు. మధ్యాహ్నం పని ముగించుకున్న ఇల్లాలి ఫోనులో రోజూ కనబడేది వాళ్ళే. వాళ్ళు ఆమె భాషలో, ఆమె వంటల పేర్లు చెబుతూ, తాపీగా మాట్లాడతారు. మన ఆస్పత్రి ఆమెకు ఇంగ్లీషులో రాసిన చీటీ ఇచ్చి పంపుతుంది. ఆమె ఎవరి మాట నమ్ముతుందో వేరే చెప్పాలా? కాకర, మెంతులు తినవద్దని నేను అనను. వాటి కోసం మందు మానుకుని కాలి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మా వీధుల్లో ఉన్నారు, అదే నా బాధ.

చదువు వల్ల షుగర్ నిజంగా తగ్గుతుందా అని మీలో ఎవరైనా అడిగితే, తగ్గుతుందనే సమాధానం వైద్య పరిశోధనల్లోనే ఉంది. టైప్ 2 షుగర్ ఉన్న పెద్దలకు స్వీయ నిర్వహణ నేర్పిన 118 కార్యక్రమాలను పరిశీలించిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. నేర్చుకున్నవారిలో హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలో షుగర్ మూడు నెలల సగటును చెప్పే పరీక్ష అంకె, నేర్చుకోనివారి కంటే సుమారు 0.6 శాతం పాయింట్లు ఎక్కువగా తగ్గింది. మనిషికి తెలివిడి పెంచినందుకు వచ్చిన ఫలితం అది. అదే సమీక్షలో మరో విషయం తేలింది. మొత్తం పది గంటలు, అంతకు మించి నేర్పిన చోట మంచి ఫలితం వచ్చే అవకాశం పెరిగింది. పది గంటలంటే వారానికి గంట చొప్పున రెండున్నర నెలలు. ఒక మనిషి చూపును, మూత్రపిండాలను, కాళ్ళను కాపాడడానికి ఇది ఎక్కువ సమయం కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని చెప్పింది. ఇంతమందికి ఒక్కొక్కరిగా డాక్టరు గదిలో పాఠం చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే వీడియో తరగతి.

ఆ తరగతి ఎలా ఉండాలో బడిలో పాఠాలు చెప్పిన మనిషిగా నాకు కొన్ని ఆలోచనలు ఉన్నాయి. పదిహేను, ఇరవై మందికి మించకూడదు. మించితే వెనక కూర్చున్నవాళ్ళు నోరు విప్పరు. నేర్పే మనిషి ప్రతి వారం మారకూడదు. ఇంట్లో వండేవాళ్ళను తప్పకుండా పిలవాలి, ఎందుకంటే భర్తకు షుగర్ అయితే పాఠం భార్యకు కావాలి. భార్యకు షుగర్ అయితే పాఠం ఇంటిల్లిపాదికీ కావాలి. అందరికీ వడ్డించి, చివరికి చల్లారిన అన్నం వేళ కాని వేళ తినే ఆడవాళ్ళకు వేళకు తినమని చెబితే సరిపోదు, ఆ వేళ వాళ్ళకు దొరికేలా ఇంట్లోవాళ్ళు చూడాలి. ఆడవాళ్ళకు మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ, పనులకు వెళ్ళేవాళ్ళకు రాత్రి ఏడు తర్వాత తరగతి పెట్టాలి. సూరత్ మరమగ్గాల్లో పని చేస్తున్న గంజాం కార్మికుడు కూడా అక్కడి నుంచే ఫోనులో ఆ తరగతిలో చేరగలగాలి. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ షుగర్‌ను ఏ రిజిస్టరూ పట్టించుకోదు.

తిండి పాఠం మా తిండి మీదే చెప్పండి. ఓట్స్, గోధుమ రొట్టె, ఆలివ్ నూనె అంటే వినేవాళ్ళు వినడం మానేస్తారు. మా ఇళ్ళలో రేషను బియ్యం అన్నం, చద్దన్నం, వేసవిలో నీళ్ళలో నానబెట్టిన పఖాళ అన్నం, సాయంత్రం టీతో మరమరాలు, పండగలకు పిఠాలనే పిండివంటలు. అన్నం మానేయమని చెప్పవద్దు, అది జరగదు. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో, పావు వంతు అన్నం ఎలా ఉంటుందో నిజమైన కంచంలో వడ్డించి చూపించండి. పప్పు, కూరగాయలు కలిపి వండే డాల్మా ఎంత మంచి వంటో చెప్పండి, అందులో బంగాళాదుంప తగ్గించమనండి. మరమరాలు తేలికగా ఉన్నా షుగర్‌ను చప్పున పెంచుతాయని చాలామందికి తెలియదు. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ వల్ల గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చోళ్ళు, అంటే రాగులు, మళ్ళీ మర్యాద తెచ్చుకున్నాయి, సంతోషం. అయితే చోళ్ళు కాబట్టి ఎంతైనా తాగవచ్చని పెద్ద గ్లాసుల నిండా పలచని జావ తాగేవాళ్ళు ఉన్నారు. మెత్తగా దంచి, బాగా ఉడికించిన పిండి తొందరగా అరుగుతుంది, షుగర్ కూడా తొందరగా ఎక్కుతుంది. దానికి బదులు సంకటి ముద్ద చిన్నదిగా చేసుకుని ఆకుకూర పప్పుతో తినమని చెప్పేవాళ్ళు కావాలి. తిన్న రెండు గంటల తర్వాత గ్లూకోమీటరుతో చూసుకుని, ఏది తన ఒంటికి పడుతుందో తానే తెలుసుకోవడం ఆ పాఠంలో అసలు భాగం. అందుకు తరగతి నడిచినన్నాళ్ళయినా స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వండి.

రికార్డు చేసిన వీడియోలు నాలుగు తయారు చేసి వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకోవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ప్రశ్న అడగడానికి వీలు లేనిది పాఠం కాదు. నా అనుభవంలో పిల్లలైనా పెద్దలైనా నేర్చుకునేది తమ సొంత సందేహం తీరినప్పుడే. సిరంజి పట్టుకోవడం వంటివి రికార్డు చేసి ఉంచితే మళ్ళీ చూసుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే.

సిగ్నల్ లేదని, ముసలివాళ్ళకు స్మార్ట్‌ఫోను లేదని అంటారేమో. రెండూ నిజమే. అందుకే ఇంటి ఫోను మీద ఆధారపడకుండా ఆరోగ్య మందిరంలోనో, పంచాయతీ కార్యాలయంలోనో పెద్ద తెర ముందు కూర్చోబెట్టమంటున్నాను. షుగర్ వల్ల చూపు మందగించినవాళ్ళకు చిన్న ఫోను తెర ఎలాగూ ఆనదు. సిగ్నల్ పోయిన రోజు ముందే దింపుకున్న వీడియో చూపించి, ప్రశ్నలకు మామూలు ఫోనులో జవాబు ఇప్పించవచ్చు. పక్కన ఉండి నడిపించడానికి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు, ఏఎన్‌ఎం, ఆశా దీదీ ఉన్నారు. వాళ్ళ మీద మరో బరువు వేయమని నేను అనను, ఆ గంటను వాళ్ళ పనిలో లెక్కించండి, ఆశా దీదీకి దానికి తగిన పారితోషికం ఇవ్వండి.

వాళ్ళకు కూడా వీడియోలోనే నేర్పవచ్చు. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. కాలేయ వ్యాధికి చికిత్స అందని మారుమూల ప్రాంతాల వైద్యులకు వీడియోలో వారం వారం నేర్పారు. అక్కడ చికిత్స పొందినవాళ్ళకు విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో చికిత్స పొందినవాళ్ళతో సమానమైన ఫలితాలు వచ్చాయని 2011లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆ పద్ధతి తర్వాత షుగర్‌కూ వచ్చింది, మన దేశానికీ వచ్చింది. బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. ఆ కళాశాలల నుంచి మన ఆరోగ్య మందిరాలకు ఇలాంటి తరగతి నడవకపోవడానికి కారణం నాకు కనబడదు.

తెలుగులో నేర్పేవాళ్ళు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్నకు జవాబు సరిహద్దుకు అవతలే ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తెలుగు వచ్చిన నర్సులు, ఆహార నిపుణులు ఉన్నారు. ఈ-సంజీవనిని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మా వాళ్ళు ఎలాగూ పాతపట్నం, టెక్కలి, పార్వతీపురం దాటి వైద్యానికి వెళుతూనే ఉన్నారు. వాళ్ళు అక్కడ రాయించుకున్న మందు ఇక్కడ ఎవరికీ తెలియదు, ఇక్కడ ఇచ్చిన మందు అక్కడ తెలియదు, ఒకే మాత్రను రెండు పేర్లతో రెండు పూటలా మింగుతున్నవాళ్ళు ఉన్నారు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే ఈ చిక్కు కూడా విడుతుంది. వీడియోలో వచ్చే గురువు మందు రాయనక్కర లేదు, నేర్పితే చాలు.

తెలుగు అడుగుతున్నాను గానీ తెలుగుతో ఆగమని కాదు. మా పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పని చేసిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. వందేళ్ళ కిందట ఒక బడిపంతులు చేయగలిగిన పని ఈనాడు ఒక ప్రభుత్వానికి భారం కాకూడదు. తెలుగు తరగతి నిలబడగానే సవర, కువి అనే గిరిజన భాషల్లోనూ మొదలుపెట్టండి. అక్కడి పాఠంలో ఒక హెచ్చరిక చేర్చాలి: రక్తహీనత, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఫలితం తప్పుగా రావచ్చు. ఆ ఒక్క అంకె చూసి షుగర్ అదుపులో ఉందని ఇంటికి పంపించేయకూడదు.

వీడియో చేయలేని పనులూ ఉన్నాయి. స్పర్శ తెలుస్తోందో లేదో పాదాన్ని తాకి చూడాలి, కంటి వెనక పొరను పరికరంతో చూడాలి, మూత్రంలో ప్రొటీన్ పరీక్షించాలి. తరగతి పెట్టాం కాబట్టి ఇవి అక్కర లేదనుకుంటే మోసపోతాం. తరగతికి వచ్చిన రోజే, అక్కడే, ఏఎన్‌ఎం పాదాలు చూస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి మెత్తని రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు ఇప్పించే ఏర్పాటు కూడా ఆ చోటే ఉండాలి. రోజూ రాత్రి పాదం అడుగున అద్దం పెట్టి చూసుకోమని చెప్పిన నోటితోనే చెప్పులూ ఇవ్వాలి.

తుఫాను పాఠం మరచిపోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో దారులు, కరెంటు తెగిపోయిన రోజులు మాకు గుర్తున్నాయి. అక్టోబరుకు ముందే ప్రతి షుగర్ రోగి ఇంట్లో రెండు వారాల మందులు, సిరంజిలు, పంచదార, మందుల పేర్లు రాసిన కాగితం తడవని సంచిలో ఉండాలని సెప్టెంబరు తరగతిలో చెప్పాలి. ఆ రెండు వారాల మందులు ముందుగా ఇచ్చే అనుమతి ఆరోగ్య మందిరాలకు మీరే ఇవ్వాలి.

నాలుగు జిల్లాల్లో ఒక్కసారిగా మొదలుపెట్టమని అడగడం లేదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం పరిసరాల్లో తలా ఒక ఆరోగ్య మందిరాన్ని ఎంచుకోండి. కొత్తగా షుగర్ బయటపడినవాళ్ళను, ఇన్సులిన్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళను ముందు తీసుకోండి, చదువు అవసరం ఎక్కువగా ఉండేది వాళ్ళకే. పది గంటల పాఠానికి ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి షుగర్, బరువు, పాదాల స్థితి రాసుకోండి. ఎంతమంది చివరిదాకా వచ్చారో, రానివాళ్ళు ఎందుకు రాలేదో కూడా రాసి, ఆ లెక్కలు తెలుగులోనూ ఒడియాలోనూ ప్రజల ముందు పెట్టండి. పాఠాలు మా ఊరి మాటలో ఉన్నాయో లేదో చూసి దిద్దడానికి, కూర్చోవడానికి చోటు చూపించడానికి, మొదటి రోజు మొహమాటపడే ముసలివాళ్ళను చేయి పట్టుకుని తీసుకురావడానికి మాలో రిటైరైన ఉపాధ్యాయులు, నర్సులు సిద్ధంగా ఉన్నారు. ఏ ఆరోగ్య మందిరంలో, ఏ నెలలో మొదలుపెడతారో జిల్లా కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

భవదీయురాలు,
రిటైరైన తెలుగు ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా